మలేరియా నిర్మూలనము: వలస వచ్చినవారి వైద్యము

చిన్నకోడూరు మండలములోని చంద్లాపూరు గ్రామమును, దాని ప్రక్కనున్న రంగనాయకసాగరమును చూడనివారు మన విద్యార్థులలో అరుదు. అది 3 టి.ఎం.సి.ల నీరు పట్టు జలాశయము. మధ్యమానేరు నుండి అనంతగిరి జలాశయమునకును, అచ్చటినుండి సొరంగము ద్వారా చంద్లాపూరునకును గోదావరి నీరు వచ్చి, యంత్రములచే పైకెత్తబడి అందులో పడును. 2020వ సంవత్సరము ఏప్రిలు నెలలో మొదటిసారి దానిలోనికి నీరు విడిచిరి. కట్టమీద నిలిచి ఆ నీటిని చూచి సంతోషించువారు దానిని త్రవ్విన చేతులెవరివని అడుగుట తక్కువ. కాళేశ్వరపు పనులలో మన జిల్లాలవారితో కూడ ఒడిశా, బీహారు, జార్ఖండు మొదలగు రాష్ట్రములనుండి వచ్చిన కూలీలు పాటుపడిరి. వారు రేకుల షెడ్లలో కాపురముండి, సొరంగములలో రాయి పగులగొట్టి, కాంక్రీటు పోసి, పని తీరినంతనే మరియొక పనికి తరలిపోయిరి. ఇట్టివారి పేర్లు గ్రామపు ఓటర్ల జాబితాలో ఎక్కవు. ఇంటింటికి తిరుగు ఆశా కార్యకర్త పుస్తకములో ఎక్కుటయు అరుదే.

ఈ వ్యాసములో మేము విచారింపదలచిన ప్రశ్న యొకటే. అట్టి మనుష్యునికి చలిజ్వరము వచ్చినయెడల దానిని కనుగొనువారెవరు? మందిచ్చువారెవరు? ఆ మందు ముగియు దినమువరకు అతని వెంట నుండువారెవరు? దీనికి సరియైన యుత్తరము దొరకనంతవరకు మలేరియా మన దేశమును విడిచిపోదని మా యభిప్రాయము. ఎందువలననో ముందుగా జ్వరముయొక్క స్వభావమునుబట్టి తెలిసికొందము.

మలేరియాను మన పెద్దలు చలిజ్వరమనియు, మన్యపు జ్వరమనియు పిలిచెడివారు. అడవినీరు త్రాగుటవలననో, చెడుగాలి పీల్చుటవలననో అది పుట్టునని చిరకాలము నమ్మిరి. ఆ నమ్మకము తొలగినచోటు మనకు దూరము కాదు. సికింద్రాబాదు దండులో వైద్యుడుగా నుండిన రోనాల్డ్ రాస్ 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన, జ్వరపీడితుడైన హుస్సేన్ ఖాను అను మనుష్యుని రక్తము త్రాగిన దోమను కోసి, దాని కడుపుగోడలో మలేరియా పరాన్నజీవి పెరుగుచుండుట కన్నులార చూచెను. కరిపించుకొనిన దోమ యొక్కింటికి ఒక అణా చొప్పున ఆ రోగికి రాస్ చెల్లించెనని చెప్పుదురు. ఆయన పనిచేసిన భవనము బేగంపేటలో నేటికిని కలదు. కొలది వారములలోనే ఆయనను రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ చేసిరి. మిగిలిన పరిశోధనమును ఆయన 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై పూర్తిచేసెను. 1902లో నోబెలు బహుమానము పొందెను. కనుక ఈ పాఠము తెలుగు నేలమీద పుట్టిన పాఠమే.

మలేరియా దోమ అనాఫిలీసు జాతిది. అది గోడమీద వ్రాలినప్పుడు వెనుకభాగము పైకెత్తి ఏటవాలుగా నిలుచును, రాత్రివేళ కుట్టును. ఆడదోమ మాత్రమే రక్తము త్రాగును. రోగియొక్క రక్తముతో పరాన్నజీవి దోమ కడుపులో చేరి, సుమారు 10 మొదలు 14 దినములలో పెరిగి, దాని లాలాజలమునకు వచ్చును. అటుపిమ్మట ఆ దోమ యెవరిని కుట్టినను వారి శరీరములో అది ప్రవేశించి, మొదట కాలేయములో దాగి, తరువాత రక్తములోనికి దిగి ఎఱ్ఱకణములను పగులగొట్టును. అప్పుడు వణకు, జ్వరము, చెమట ఒకదాని వెంట నొకటి వచ్చును. మనుష్యునినుండి మనుష్యునికి స్పర్శవలన ఇది అంటదు. ఈ మాటను విద్యార్థులు గట్టిగా జ్ఞాపకముంచుకొనవలెను; దీని యవసరము ముందు తెలియును.

మన దేశములో ముఖ్యముగా రెండు విధములైన మలేరియా కలదు. ఫాల్సిపారము అనునది ప్రాణాంతకము. మెదడునకు ఎక్కినయెడల కొలది దినములలోనే మనిషిని తీసికొనిపోవును. వైవాక్సు అనునది అంత త్వరగా చంపదు గాని, బహు కపటమైనది. దాని బీజములు కొన్ని కాలేయములో నెలలకొలది నిద్రించి, మనిషి ఆరోగ్యవంతుడనుకొనిన సమయమున మరల లేచి జ్వరము తెచ్చును. అందుచేత బలంగీరులో దోమకాటు తినిన కూలీకి సిద్దిపేటలో జ్వరము రావచ్చును; సిద్దిపేటలో కాటు తినినవానికి స్వగ్రామమున రావచ్చును. రోగము పుట్టినచోటు ఒకటి, బయటపడినచోటు మరియొకటి, మందు ముగియవలసినచోటు ఇంకొకటి. ఒకచోటనే నిలిచి, ఒక గ్రామమునే లెక్కించు వైద్యవిధానము ఇట్టి రోగమును పట్టుకొనజాలదు.

మన దేశము ఈ జ్వరముతో చేసిన పోరాటమును సంక్షేపముగా చెప్పుదుము. స్వాతంత్ర్యము వచ్చిన కాలమున ఏటేట సుమారు ఏడున్నర కోట్లమందికి మలేరియా వచ్చుచు, సుమారు 8 లక్షలమంది చనిపోవుచుండిరని లెక్క. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము ప్రారంభమయ్యెను; డి.డి.టి. పిచికారీవలన ఫలితము మంచిదగుట చూచి 1958లో దానిని నిర్మూలన కార్యక్రమముగా మార్చిరి. 1965 నాటికి రోగుల సంఖ్య సుమారు లక్షకు దిగెను. పని ముగిసినదని తలచి చేతులు సడలించిరి. దోమలు డి.డి.టి.కి అలవాటుపడెను. 1976లో రోగుల సంఖ్య 64 లక్షలు దాటెను! శ్రీలంకలోను ఇట్లే జరిగినది: 1963లో ఆ ద్వీపమంతటను 17 మంది రోగులు మాత్రమే మిగులగా, ఆ దశాబ్దము ముగియకమునుపే ఆ సంఖ్య లక్షలకెక్కెను. కొనవరకు వచ్చి విడిచిన పని మొదటికి వచ్చునని యీ రెండు చరిత్రలు చూపుచున్నవి.

మరల క్రమముగా ప్రయత్నము సాగెను. 2015లో 11,69,261 మంది రోగులును 384 మరణములును లెక్కకు వచ్చిన దేశములో, 2023 నాటికి రోగులు 2,27,564 కును, మరణములు 83 కును తగ్గినవి. 2016 ఫిబ్రవరిలో ప్రకటించిన జాతీయ ప్రణాళిక ప్రకారము 2030 నాటికి మలేరియాను నిర్మూలింపవలెను. 2027 నాటికి దేశములోనే పుట్టిన మలేరియా ఒక్కటియు లేకుండ చేయవలెనని తరువాతి సంకల్పము. మూడు సంవత్సరములు వరుసగా దేశములో పుట్టిన రోగి యొక్కడును లేనిచో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆ దేశమునకు ధ్రువపత్రమిచ్చును. శ్రీలంక 2016లోను, చైనా 2021లోను అట్టి పత్రమును పొందినవి.

ఈ చివరి భాగమే కష్టమైనది. రోగులు కోట్లలో నున్నప్పుడు ఎచ్చట చేయి వేసినను రోగి దొరకును. ఇప్పుడు మిగిలినవారు సులభముగా దొరకువారు కారు. వారు కొండలలో, అడవులలో, రాష్ట్రముల సరిహద్దులలో, ఆనకట్టల పనిచోట్లలో, ఇటుక బట్టీలలో ఉన్నారు. మలేరియా శాఖవారు పూర్వమునుండియు గిరిజనుల మలేరియా, ప్రాజెక్టుల మలేరియా, సరిహద్దు మలేరియా, వలస మలేరియా అని విభాగములు చేయుటకు ఇదియే కారణము. నాలుగు పేర్లైనను, ఆసుపత్రి తలుపు చేరలేని మనిషి యొక్కడే.

ఇటుక బట్టీల సంగతి కొంత విపులముగా చూతము. పశ్చిమ ఒడిశాలోని బలంగీరు, నువాపడా, కలహండి జిల్లాలనుండి ఏటేట వేలాది కుటుంబములు తెలంగాణమునకు వచ్చుచున్నవి. అచ్చట కొత్తబియ్యపు పండుగ యగు నువాఖాయి గడచినపిమ్మట సర్దారు అనబడు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి కుటుంబమును కుదుర్చుకొనును. వర్షములు వెనుకపట్టిన కాలమున బయలుదేరి, బట్టీలో ఎండకాలము గడిపి, జూనునెల వానలకు ముందు తిరిగి పోవుదురు. ఒడిశాలో మలేరియా అధికముగా నుండు వానకాలము గడచిన వెంటనే వారు ఇచ్చటికి వత్తురు. మరల ఆ కాలము మొదలగువేళకు ఇల్లు చేరుదురు. వారి రక్తములోగాని కాలేయములోగాని బీజముండుట వింతకాదు.

బట్టీలో మట్టి కలుపుటకు నీటి గుంటలు త్రవ్వుదురు. ఇటుక కోయు పని తెల్లవారకముందే, అనేకచోట్ల నడిరేయినే, మొదలగును. దోమ కుట్టు సమయమున మనుష్యులు గుంటల ప్రక్కన, వంటిమీద చాలినంత బట్ట లేక, మట్టిలో కూర్చుండి యుందురు. నిద్రించు గుడిసె నడుము ఎత్తున నుండును. అందులో దోమతెర కట్టుటకు చోటే యుండదు. కూలి వెయ్యి ఇటుకలకింత అని లెక్క. భార్య మట్టి యందించి, భర్త అచ్చు పోసి, పిల్లలు ఇటుకలు త్రిప్పగా ఆ వెయ్యి పూర్తియగును. ఒకరు పడకపట్టినచో ముగ్గురి కూలి తరుగును, అడ్వాన్సు తీరదు. అందుచేత జ్వరము వచ్చిన మొదటి దినమున ఆసుపత్రికి పోవుట వారికి రెండు నష్టములు. మొదట మాత్ర ఒకటి మింగి పనిచేయుదురు. తగ్గనిచో ఊరిలోని ఆర్.ఎం.పి. వైద్యునియొద్ద సూదిమందు వేయించుకొందురు. వణకు నాటికి కొంత ఆగును. రక్తపరీక్ష జరుగదు. రోగము పేరు ఎవరికిని తెలియదు. ఏ లెక్కకును ఎక్కదు. ఆ లోపల గుంటప్రక్కనున్న దోమలు తమ పని తాము చేసికొనుచునే యుండును.

ఒకవేళ ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకే పోయిరనుకొందము. పరీక్షకును మందునకును రుసుము లేదు. అది గొప్ప మేలే. కాని అచ్చట వైద్యుడుండు పగటివేళ వీరికి పనివేళ. చీటి వ్రాయువాడు ఆధారుకార్డు అడుగును. అది సర్దారు పెట్టెలోనో, స్వగ్రామములోనో ఉండును. నర్సు తెలుగున చెప్పినది వీరికి తెలియదు. వీరు ఒడియాలో చెప్పినది ఆమెకు తెలియదు. వైవాక్సు మలేరియాకు మూడు దినములు క్లోరోక్విను, 14 దినములు ప్రైమాక్విను మింగవలెను. మూడవనాటికి జ్వరము దిగును. పదునాలుగు దినముల మాత్రలెందుకో భాష తెలియనివారికి చెప్పుటెట్లు? నాల్గవనాడు మాత్రల పొట్లము గుడిసె చూరులో చెక్కబడును. పదవనాడు మేస్త్రీ మరియొక బట్టీకి లారీ ఎక్కించును. కాలేయములో నిద్రించు బీజము వారితో కూడ లారీ ఎక్కును.

ఇందులో ఎవరి దుర్బుద్ధియు అవసరము లేదు. నర్సు తన పనిని, ఆశా కార్యకర్త తన పనిని నమ్మకముగా చేసినను ఇట్లే జరుగును. ఏలయనగా ఆశా కార్యకర్తకు సుమారు వెయ్యిమంది జనాభాకు ఒక్కరు చొప్పున ఊరు పంచి యిచ్చిరి; బట్టీ ఆ వెయ్యిలో లేదు. లేనిచోటికి పొమ్మని ఆమెకు చెప్పినవారు లేరు; పోయినయెడల ఆ శ్రమకు తగిన ప్రతిఫలము వచ్చునో రాదో కూడ ఆమెకు తెలియదు. మరి బట్టీ యజమానుని బాధ్యత ఏమి? వేరు రాష్ట్రమునుండి తెచ్చిన కూలీలకు గుత్తేదారు తగిన వసతియు ఉచిత వైద్యమును కల్పింపవలెనని 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము విధించినది. ఆ విధులను 2020లో పార్లమెంటు చేసిన కార్మిక సంహితలలో చేర్చిరి. చట్టము మంచిదే. కాని కూలీ పేరే నమోదు కానిచోట చట్టము ఎవరి పక్షమున మాటలాడును?

నమోదు ఎంత కొరవడినదో 2020లో లోకమంతయు చూచెను. మన రంగనాయకసాగరములోనికి నీరు విడిచిన నెలలోనే, కరోనా కట్టడివలన పనులు నిలిచి, కూలీలు మూటలు నెత్తినబెట్టుకొని హైదరాబాదునుండి ఉత్తరముగా పోవు రాజమార్గమున నడచిపోయిరి. ఆ మే నెల 1వ తేదీన లింగంపల్లినుండి జార్ఖండులోని హటియాకు సుమారు 1,200 మందితో పోయిన రైలు, దేశములో వలస కూలీలకై నడిపిన మొదటి రైలు. మన ప్రక్క జిల్లాలో కట్టడపు పనిచేయుచుండినవారు అందులో చాలమంది. ఇంతమంది మన నడుమ ఉన్నారని అనేకులకు వారు వెళ్లిపోవునప్పుడే తెలిసెను.

ఇంక గోదావరి యొడ్డునకు పోదము. అచ్చటివారి స్థితి కూలీల స్థితికంటె కఠినము. 2005లో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరు ప్రాంతమున సాల్వా జుడూము పేరిట రేగిన సంఘర్షణలో గ్రామములు పాడుపడగా, వేలాది గిరిజనులు ప్రాణభయముతో అడవిదారిని ఇవతలకు వచ్చిరి. నేటి భద్రాద్రి కొత్తగూడెము, ములుగు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల అడవులలో చిన్నచిన్న గుంపులుగా నివసించు వీరిని ఇచ్చటివారు గొత్తికోయలందురు. దేశపు ఎల్లదాటి వచ్చినవారినే శరణార్థులని అంతర్జాతీయ న్యాయము పిలుచును గనుక వీరికి ఆ పేరును లేదు. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డు తెగలవారైనను, ఇచ్చట ఆ ధ్రువపత్రము దొరకుట కష్టము. వారుండు చోటు అటవీశాఖవారి భూమి యగుటచే రోడ్డు వేయరు, కరెంటు ఈయరు. వానకాలమున వాగు పొంగినచో నర్సు అటు పోలేదు, రోగి ఇటు రాలేడు. తెలంగాణములో మలేరియా మిక్కుటముగా మిగిలియున్నది ఈ అడవి జిల్లాలలోనే. కొండవాగులలో పెరుగు దోమ వీరి గుడిసెల ప్రక్కనే పుట్టును. పైగా బస్తరులోని బంధువులయొద్దకు రాకపోకలు మానవు. ఒక రాష్ట్రములో జ్వరము, మరియొక రాష్ట్రములో పరీక్ష. ఈ వార్త ఆ రాష్ట్రమువారికి చేరకున్న, ఊరిలో మిగిలిన రోగులను వెదకువారెవరు? జెనీవాలో 1951లో కుదిరిన శరణార్థుల ఒడంబడికపై మన దేశము సంతకము చేయలేదు. హైదరాబాదు బాలాపూరులో నివసించు మయన్మారు శరణార్థులు మొదలగువారి వైద్యము ఆయా అధికారుల దయాదాక్షిణ్యముపై ఆధారపడుటకు అది యొక కారణము. కాని దోమ సంతకములను విచారింపదు.

"పరాయివారు వచ్చి మాకు రోగము తెచ్చిరి" అను మాట మేము పలుచోట్ల విన్నాము. విద్యార్థులారా, ఈ మాట పలుకకముందు మన వంశచరిత్రలను అడుగుడు. పాలమూరు కూలీలు గుంపు మేస్త్రీల వెంట దేశములోని ఎన్ని ఆనకట్టలు కట్టలేదు? మన తెలుగువారు వేలకొలది రంగూనుకు ఓడ యెక్కిరి. 1942లో జపాను సైన్యము బర్మాలో ప్రవేశింపగా, లక్షలాది భారతీయులు కొండదారుల నడచి అస్సాము, అరకానుల వైపునకు వచ్చిరి. దారిలో మలేరియా, కలరా, విరేచనములు అసంఖ్యాకులను పొట్టనబెట్టుకొన్నవి. మలయాలోని రబ్బరు తోటలలో తెలుగు తమిళ కూలీలు ఈ జ్వరముతోనే కుప్పలుగా కూలిరి. అక్కడ మాల్కం వాట్సను అను వైద్యుడు 1901 మొదలు క్లాంగు పట్టణమున బురదనేలలు ఎండగట్టించి మరణములను తగ్గించెను. కూలీ చనిపోయిన తోటకు లాభము లేదని గ్రహించి, తోట యజమానులును క్రమముగా ఆ మార్గమునకు వచ్చిరి. మన కాలమున సిద్దిపేట, కరీంనగరు, జగిత్యాల, నిజామాబాదు ప్రాంతముల యువకులు గల్ఫుదేశములకు పోవుచున్నారు. సంయుక్త అరబ్ ఎమిరేట్లు 2007లో మలేరియారహిత దేశముగా ధ్రువపత్రము పొందెను. అచ్చట మన యన్నదమ్ములే పరాయివారు. వారి కంటికి జ్వరము తెచ్చువారు మనమే!

హైదరాబాదులో నల్లకుంట జ్వరాల ఆసుపత్రిని ప్రజలు కోరంటి దవాఖానా అందురు. అది క్వారంటైను అను మాటకు మన నోట వచ్చిన రూపము. ప్రయాణికుని నిలిపివేసి వేరుగా నుంచుట పూర్వపు పద్ధతి. ప్లేగునకు అది తగును. మలేరియా స్పర్శవలన అంటదని పైన చెప్పితిమి. కనుక కూలీల షెడ్డును వెలివేయుటవలన ఏమియు లాభము లేదు. వెలివేయబడినవాడు జ్వరమును దాచును. దాచిన జ్వరము దోమకు ఆహారము. దోమతెర, రక్తపరీక్ష, పూర్తియైన మందు: ఈ మూడును షెడ్డులోనికి పోయినయెడల షెడ్డును క్షేమమే, ఊరును క్షేమమే.

ఇది కాని పని కాదు. చైనాలో జ్వరము కనుగొన్న ఒక దినములో తెలియజేయుట, మూడు దినములలో అది ఎక్కడినుండి వచ్చెనో విచారించుట, ఏడు దినములలో ఆ చోట తగిన చర్య తీసికొనుట అను నియమము పెట్టిరి. 2013లో ఘనా దేశపు బంగారుగనులనుండి షాంగ్లిన్ ప్రాంతమునకు తిరిగివచ్చిన కూలీలలో వందలాదిమందికి మలేరియా బయటపడగా, వారిని వెదకి పరీక్షించి మందిచ్చిరి. శ్రీలంకవారు మన తమిళనాడునుండి తిరిగి వచ్చు శరణార్థులకును, విదేశములనుండి మరలు సైనికులకును రక్తపరీక్ష చేయుచు తమ ద్వీపమును కాపాడుకొనుచున్నారు. థాయిలాండువారు బర్మా సరిహద్దున మలేరియా కేంద్రములు పెట్టి, వచ్చినవాడు ఏ దేశస్థుడైనను రక్తము పరీక్షించి మందిత్తురు. అన్నిటికంటె మనకు దగ్గర యుదాహరణము బస్తరే. అచ్చట 2020 జనవరిలో మలేరియాముక్త బస్తరు అను కార్యక్రమము మొదలుపెట్టి, జ్వరమున్నను లేకున్నను ఇంటిలోని ప్రతివారి రక్తము పరీక్షించిరి. బీజము గలవారని తేలినవారిలో చాలమందికి జ్వరమే లేదు! తరచు కుట్టించుకొనిన శరీరము రోగమును ఓర్చుకొని, దోమకు మాత్రము బీజము అందించుచుండును. ఒడిశాలోను 2017 మొదలు దుర్గమ ప్రాంతములలో ఇట్టి పని జరుగుచున్నది. జ్వరము వచ్చినవాడే రావలెనని కుర్చీలో కూర్చున్న ఆసుపత్రికి వీరెన్నడును కనబడరు.

అయ్యా, ఇదంతయు వ్యయము కాదా యని కొందరు పెద్దలు అడుగవచ్చును. ఒక మనిషికి వైవాక్సు మందు వెల బహు స్వల్పము. ఆ మందు సగములో విడుచుటవలన పుట్టు రోగుల వెల ఎంతో 1976 చెప్పుచున్నది. మంచి సమరయుని ఉపమానమును మన విద్యార్థులెల్లరు ఎరుగుదురు. అందులో మేము విశేషముగా గమనించునది గాయములు కట్టుట కాదు. ఆ తరువాతి సంగతి. అతడు గాయపడినవానిని పూటకూళ్లయింటికి చేర్చి, మరునాడు రెండు దేనారములు ఇచ్చి, మిగిలిన ఖర్చు తిరిగి వచ్చునప్పుడు చెల్లింతునని మాట యిచ్చి పోయెను. గాయము ఒక్కనాటితో మానదని అతనికి తెలియును. తానును బాటసారి, రోగియును బాటసారి. అందుచేతనే చికిత్స కొనసాగు ఏర్పాటు చేసి పోయెను. మెదకులో గొప్ప మందిరము కట్టబడిన పదేండ్లలో, కరవునకు తాళలేక వచ్చినవారికి పనియు అన్నమును దొరకినవని మన తాతలు చెప్పిరి. ఆ వచ్చినవారి ఊరిపేరు అడిగి అన్నము పెట్టినట్లు ఎవరును చెప్పలేదు.

ఇప్పుడు మన పాఠశాలవారు చేయదగినది చెప్పుదుము. సమీపమున బట్టీగాని, కట్టడముగాని, కాలువ పనిగాని జరుగుచున్న విద్యార్థులు అచ్చటి షెడ్ల సంఖ్యను తమ ఊరి ఆశా కార్యకర్తకు తెలియజేయవలెను. ఎవరికైనను జ్వరము వచ్చినదని తెలిసినచో ఆ దినముననే చెప్పవలెను. వ్రేలినుండి ఒక బొట్టు రక్తము తీసి పావుగంటలో ఫలితము చూపు పరీక్ష ఆమెయొద్ద నుండును. నీటి డ్రమ్ములు, తొట్లు వారమునకొకసారి ఖాళీచేసి ఎండబెట్టినచో దోమపిల్ల పెద్దది కాకముందే చచ్చును. కట్టడముల నీటితొట్లలో పెరుగు అనాఫిలీసు జాతి యొకటి పట్టణములలో మలేరియా వ్యాపింపజేయునది గనుక దీనిని చిన్నపనిగా తలపరాదు. గల్ఫునుండిగాని, ఆఫ్రికానుండిగాని, మన్యమునుండిగాని వచ్చిన బంధువునకు జ్వరము తగిలినయెడల వైద్యునితో ఆ ప్రయాణపు సంగతి మొదట చెప్పవలెను. వైద్యులు అడుగనిచో మనమే చెప్పవలెను.

మరియొక పని మన విద్యార్థులు పెద్దలకంటె బాగుగా చేయగలరు. మీరు బడిలో హిందీ చదువుచున్నారు. బీహారు, జార్ఖండు కూలీలకు హిందీ తెలియును, ఒడిశావారిలోను పలువురకు తెలియును. నర్సు చెప్పినదానిని వారికి తెలియజెప్పుడు. జ్వరము తగ్గినను ప్రైమాక్విను 14 దినములు మానరాదనియు, దానిని భోజనము చేసిన పిమ్మట మింగవలెననియు చెప్పుడు. గర్భిణులకును, ఏడాది నిండని పసిపిల్లలకును ఆ మాత్ర ఈయరాదు. కొందరి శరీరతత్త్వమునకు అది పడక ఎఱ్ఱకణములు విరుగును; మూత్రము నల్లబడినచో మాత్ర ఆపి వెంటనే వైద్యునియొద్దకు పోవలెను. ఈ సంగతులు కూడ వారికి తప్పక తెలియజెప్పుడు.

మందు ముగియకముందే మరియొకచోటికి పోవువానికి ఒక చీటి వ్రాసి యిప్పింపుడు. చీటి తెలుగున మాత్రమే యున్నచో బలంగీరులో చదువువారు దొరకరు. కనుక హిందీలోగాని ఇంగ్లీషులోగాని వ్రాయింపవలెను. పరీక్ష జరిగిన తేదీ, మలేరియా వైవాక్సో ఫాల్సిపారమో, ఇచ్చిన మందుల పేర్లు, ఇప్పటికి మింగిన మాత్రలెన్ని, ఇంక మింగవలసినవి ఎన్ని, ఆసుపత్రి ఫోను నంబరు అందులో నుండవలెను. అంకెలు పెద్దవిగా వ్రాయుడు. మిగిలిన మాత్రలను అదే కాగితములో మడిచి, అతని చొక్కా జేబులో కాక, ఇంటి ఇల్లాలి మూటలో పెట్టుడు. చొక్కా బట్టీలో విప్పి పారవేయుదురు, మూట మాత్రము ఎచ్చటికైనను వెంట పోవును.